విద్యుత్ పనివారి బండి: సరుకు ఎంత? అమరిక ఎలా?

సూరత్ నగరానికి దక్షిణంగా, ఉధనా, భేస్తాన్ దాటి నవసారి వైపు పోవు రహదారి మీద ఉన్ అను ప్రాంతం కలదు. దానికి ఒక వైపున పాండేసరా, మరొక వైపున సచిన్ పారిశ్రామిక వాడలు ఉన్నవి. సూరత్‌లో మరమగ్గాలను నమ్ముకొని బ్రతుకుచున్నవారిలో తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. మన ప్రాంతంలో సాంచా అని పిలిచే మరమగ్గం ఆగితే ఆ కుటుంబాలకు ఏమగునో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. నేతవానికి కూలి మీటరు లెక్కన వచ్చును. గుడ్డ రాని గంటకు కూలి లేదు.

బ్యాంకు రుణంతో కొన్న ఒక వాహనాన్ని తనిఖీ చేయుటకై ఒక మధ్యాహ్నం నేను ఉన్‌కు వెళ్ళితిని. రుణగ్రహీత కరీంనగర్ ప్రాంతం నుండి వచ్చిన విద్యుత్ పనివాడు. చిన్న సరుకు బండి కొని, దాని మీద పెట్టె కట్టించి, మగ్గాల షెడ్లకు మరమ్మతు పనులు చేయుచున్నాడు. నేను వెళ్ళేసరికి బండి ఒక షెడ్డు ముందు నిలిచి ఉన్నది. లోపల 12 మగ్గాలు ఆగి ఉన్నవి. నేతపనివారు గడప మీద కూర్చుని ఉన్నారు. ప్యానెల్‌లో ఒక కాంటాక్టర్ కాయిల్ కాలిపోయినది. అది తెచ్చుటకు మన రుణగ్రహీత వేరొకరి మోటారు సైకిల్ మీద ఉధనాకు పోయినాడు. గంటన్నర తరువాత వచ్చి, పది నిమిషాలలో కాయిల్ మార్చినాడు. మగ్గాలు తిరిగినవి.

ఆ తరువాత అతడు నాతో అన్న మాట ఇది: “సార్, బండి నిండ సామాను ఉన్నది. కావల్సింది మాత్రం లేదు.”

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి బండిలోని సరుకునంతా దించి లెక్క వేసితిమి. కొన్న ధర ప్రకారం సుమారు 60,000 రూపాయల సరుకు తేలినది. అందులో గీజర్ ఎలిమెంట్లు, అలంకరణ దీపాల హోల్డర్లు, ఖరీదైన స్విచ్చు పలకలు కలిపి 25,000 రూపాయల సరుకు ఆరు నెలలుగా కదలలేదు. “పది కొంటే రెండు ఉచితం” అను పథకంలో కొన్నవి. ఉన్‌లోని మగ్గాల షెడ్లలో గీజర్లు ఎక్కడివి?

ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం ఒక్కటే. పనివాని బండి గోదాము కాదు. అందులోని ప్రతి వస్తువు అప్పు తెచ్చిన రూపాయి. ఆ రూపాయి తిరుగుచుండవలెను, చేయి చాపిన వెంటనే దొరకవలెను. ఈ రెండు నియమాలు పాటించినచో వాయిదా దానంతట అదే కట్టబడును.

1. ముందు లెక్క చూడండి

ఉదాహరణకు బండికై 5 లక్షల రూపాయల రుణం 11 శాతం వడ్డీకి, 60 నెలల గడువుకు తీసుకొన్నారనుకొందాము. నెలసరి వాయిదా సుమారు 10,871 రూపాయలు అగును. నెలకు 25 పనిదినాలు లెక్కించినచో దినానికి 435 రూపాయలు. ఉదయం బండి తాళం తీసిన క్షణం నుండి మొదటి 435 రూపాయలు మీవి కావు, బ్యాంకువి.

ఇక కాలం లెక్క. రోజుకు నాలుగు పనులు చేయుచు, ఒక్కొక్క పనిలో వస్తువు వెదకుటకో తెచ్చుటకో 20 నిమిషాలు పోయినవనుకొనండి. దినానికి 80 నిమిషాలు, నెలకు 2,000 నిమిషాలు, అనగా 33 గంటల 20 నిమిషాలు. ఎనిమిది గంటల పనిదినాలు నాలుగు పూర్తిగా పోయినట్లే. పైన చెప్పిన కదలని 25,000 రూపాయలు రెండు వాయిదాల కంటె ఎక్కువ. డబ్బు లేక వాయిదా తప్పినదని చెప్పు పలువురి విషయంలో డబ్బు లేకపోలేదు. అది బండిలో అర మీద దుమ్ము పట్టి ఉన్నది.

2. బండి ఎంత మోయగలదు?

టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ వంటి చిన్న సరుకు బండ్లు, ఈకో వంటి మూసిన వ్యాన్లు ఈ పనికి వాడుకలో ఉన్నవి. ఏది కొన్నను, మొదట రిజిస్ట్రేషన్ పత్రం చదువవలెను. అందులో ఖాళీ బండి బరువు, సరుకుతో కూడిన గరిష్ఠ బరువు అని రెండు అంకెలు ఉండును. వాటి తేడాయే బండి మోయగల బరువు. ఉదాహరణకు ఖాళీ బరువు 850 కిలోలు, గరిష్ఠ బరువు 1,550 కిలోలు అయినచో 700 కిలోలు మిగులును. అందులో ఇద్దరు మనుషులకు 140 కిలోలు, పెట్టెకు, అరలకు 150 కిలోలు తీసివేయగా 410 కిలోలు. ఇదే సరుకుకు, పనిముట్లకు, నిచ్చెనలకు, తిరుగు ప్రయాణంలో తెచ్చు కాలిన మోటార్లకు అన్నింటికీ కలిపి ఉన్న పరిమితి.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 194వ సెక్షన్ ప్రకారం పరిమితికి మించిన బరువు మోసినచో 20,000 రూపాయల జరిమానా, దానిపై అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధింపబడును. ఈ రేట్లు 2019 సవరణతో వచ్చినవి. సరుకు బండి చుట్టుకొలతను దాటి అనుమతికి మించి బయటకు పొడుచుకొని వచ్చినను 20,000 రూపాయల జరిమానా కలదు. విద్యుత్ పనివారు ఈ రెండవ అంశాన్ని ప్రత్యేకంగా గమనించవలెను. కండ్యూట్ గొట్టం పొడవు మామూలుగా 3 మీటర్లు, అనగా పది అడుగులు. చిన్న బండి వెనుక తొట్టి సుమారు ఏడు అడుగులే. కనుక గొట్టాలను పైకప్పు చట్రం మీద, ముందు క్యాబిన్ పై వరకు సర్ది, రెండు చోట్ల కట్టవలెను. లేదా ఆ పనికి కావలసిన కొలతకు కోయించి తెచ్చుకొనవలెను.

అదే చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారునట్లు బండి ఆకృతిని మార్చరాదు. కావున అరలను బోల్టులతో బిగించి, విప్పి తీయుటకు వీలుగా చేయించుకొనుట మేలు. బండి అమ్మవలసి వచ్చినను అరలు మీకే మిగులును.

3. ఏ సరుకు? ఎంత సరుకు?

సరుకు కొనుటకు ముందు 30 దినాలు ఒక చిన్న నోటు పుస్తకం జేబులో ఉంచుకొనండి. ప్రతి పనిలో వాడిన వస్తువును, లేక ఆగిపోయిన వస్తువును వ్రాయండి. రెండవదే ముఖ్యం. నెలాఖరున ఆ జాబితాను మూడు వర్గాలుగా విభజించవలెను.

మొదటి వర్గం: ప్రతిదినం వాడునవి. ఇన్సులేషన్ టేపు, లగ్గులు, స్క్రూలు, ఫ్యూజు తీగ, 6, 16 ఆంపియర్ల స్విచ్చులు, సాకెట్లు, హోల్డర్లు, ఎల్.ఇ.డి. దీపాలు, 1, 1.5, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ఇవి ఎన్నడూ లేకుండా ఉండరాదు. తీగ చుట్ట సాధారణంగా 90 మీటర్లు. ప్రతి కొలతలోను విప్పిన చుట్ట ఒకటి, విప్పనిది ఒకటి చాలును.

రెండవ వర్గం: వారానికి ఒకటి రెండుసార్లు వాడునవి. మగ్గాల ప్రాంతంలో ఇందులోకి వచ్చునవి స్టార్టర్ విడిభాగాలు, కాంటాక్టర్లు, వాటి కాయిళ్ళు, ఓవర్‌లోడ్ రిలేలు, మూడు పోళ్ళ ఎం.సి.బి.లు, ఫ్యాన్ కెపాసిటర్లు, మోటారు బేరింగులు. కాయిళ్ళలో 240 వోల్టులవి, 415 వోల్టులవి వేరుగా ఉండును. రెండు రకాలు ఉంచి, డబ్బాల మీద అంకె పెద్దగా వ్రాయవలెను. మోటార్లకు వేయు ఎం.సి.బి.లు సి రకానివై ఉండవలెను. బి రకానివి వేసినచో మోటారు మొదలైనప్పుడు లాగు అధిక కరెంటుకే పడిపోవును.

మూడవ వర్గం: నెలకు ఒకసారి కూడ వాడనివి. పెద్ద ఛేంజోవర్ స్విచ్చులు, పూర్తి ప్యానెళ్ళు, గీజర్ సామగ్రి, అలంకరణ సామగ్రి. వీటిని బండిలో ఉంచరాదు. పని ఒప్పుకొని, కొంత బయానా తీసుకొన్న తరువాతనే కొనవలెను.

సంఖ్య నిర్ణయించుటకు సులభ సూత్రం: వారపు వాడకమునకు దానిలో సగం కలుపవలెను. మూడు పోళ్ళ 32 ఆంపియర్ల ఎం.సి.బి.లు వారానికి నాలుగు పోవుచున్నచో ఆరు ఉంచండి. వారాంతంలో ఎన్ని తగ్గినవో అన్నే నింపండి. డీలరు దుకాణం పది నిమిషాల దూరంలో ఉన్న చోట ఇంకను తగ్గించవచ్చును. మండల కేంద్రానికి 30 కిలోమీటర్ల దూరంలోని పల్లెలో కొంత పెంచవలెను.

ఒక్క ఖరీదైన వస్తువును మాత్రం తప్పక ఉంచుకొనమని చెప్పుదును. అది మార్పిడి మోటారు. మగ్గం మోటారు కాలినచో రీవైండింగుకు ఒకటి రెండు దినాలు పట్టును. అంతవరకు మగ్గం ఆగకుండ, అదే అశ్వశక్తి, అదే వేగం గల మోటారును తాత్కాలికంగా బిగించి, స్వల్ప అద్దె తీసుకొనవచ్చును. ఒక అశ్వశక్తి మోటారు పదిహేను ఇరవై కిలోల బరువుండును. అది బండిలో ఉన్న పనివానినే షెడ్డు యజమాని ముందుగా పిలుచును.

మూడు ఫేజుల మోటారు ఎక్కువగా కాలుటకు కారణం ఒక ఫేజు పోయినను మిగిలిన రెంటి మీద తిరుగుచుండుటయే. అప్పుడు తీగచుట్టలో కరెంటు పెరిగి వేడెక్కి కాలును. కాలిన మోటారు తీసి మరొకటి బిగించు ముందు మూడు ఫేజులు వచ్చుచున్నవో లేదో పరీక్షించకున్నచో రెండవ మోటారు కూడ కాలును. ఓవర్‌లోడ్ రిలేను మోటారు పలక మీది ఆంపియర్లకు సరిగా త్రిప్పవలెను. మాటిమాటికి పడిపోవుచున్నదని దానిని పెంచి పెట్టుట మోటారుకు ఉరి వేయుటయే.

పల్లెలలోని పాఠకులకు ఈ జాబితా మారును. సిరిసిల్లలో మరమగ్గాల సరుకే పనికివచ్చును. బోరుబావులున్న గ్రామంలో సబ్‌మెర్సిబుల్ స్టార్టర్ భాగాలు, కెపాసిటర్లు, మూడు కోరుల చదును కేబులు, దాని అతుకు సామగ్రి ముఖ్యమైనవి. జాబితా మారినను పద్ధతి మారదు.

4. అమరిక

ఇంటిని చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. బండిని చూచి పనివానిని చూడవచ్చును.

(అ) బరువైనవి క్రింద, ఇరుసుల నడుమ ఉండవలెను. మోటార్లు, కేబుల్ చుట్టలు పై అరలో పెట్టినచో మలుపులో బండి ఒరుగును. రెండు ప్రక్కల బరువు సమానంగా ఉండవలెను.

(ఆ) మొదటి వర్గం సరుకు వెనుక తలుపు వద్ద, నడుము నుండి కంటి ఎత్తు వరకు గల అరలలో ఉండవలెను. బండి లోపలికి ఎక్కకుండనే అందవలెను.

(ఇ) చిన్న వస్తువులకు మూత గల పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. ఒక డబ్బాలో ఒకే వస్తువు. పేరు, కొలత తెలుగులో వ్రాసి అంటించండి. సహాయకుడు ఒరియా లేక హిందీ మాత్రమే తెలిసినవాడైనచో లోపలి వస్తువునే ఒకటి డబ్బా ముందు అతికించండి.

(ఈ) అరలకు ముందంచున రెండు అంగుళాల అడ్డపట్టీ ఉండవలెను. లేనిచో మొదటి గతుకులోనే అమరిక అంతయు నేల మీదికి వచ్చును.

(ఉ) పనిముట్లు సరుకుతో కలుపరాదు. కటింగ్ ప్లయరు, టెస్టరు, స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, క్లాంప్ మీటరు గల చేతిసంచి ఒకటి వేరుగా ఉండవలెను. డ్రిల్లింగు యంత్రం, మెగ్గరు దెబ్బ తగలకుండ స్పాంజి పరచిన పెట్టెలో ఉండవలెను. ఒక పలక మీద ప్రతి పనిముట్టు ఆకారాన్ని రంగుతో గీసి ఉంచినచో, సాయంత్రం ఏది షెడ్డులో మరచి వచ్చితిమో ఒక్క చూపులో తెలియును.

(ఊ) నాలుగవ వంతు స్థలం ఖాళీగా విడువవలెను. పనివాని బండి పోవునప్పుడు మాత్రమే కాదు, వచ్చునప్పుడు కూడ మోయును. కాలిన మోటార్లు, తీసివేసిన తీగలు ఎక్కడ పెట్టవలెను? పాత రాగిని ఒక సంచిలో వేరుగా ఉంచి, యజమానికి చూపి, అది ఎవరికి చెందునో ముందే మాట్లాడుకొనుట మర్యాద.

5. ప్రాణరక్షణ సామగ్రి

ఇది లాభనష్టాల జాబితాలోకి రాదు. రబ్బరు చేతితొడుగులు, ఇన్సులేటింగ్ చాప, తాళం, “పని జరుగుచున్నది – స్విచ్ వేయరాదు” అను పలక, ప్రథమ చికిత్స పెట్టె తప్పక ఉండవలెను. తొడుగులను వాడు ముందు గాలి ఊది చిల్లులు లేవని చూచుకొనవలెను. నిచ్చెన చెక్కతోనో ఫైబరుతోనో చేసినదై ఉండవలెను. అల్యూమినియం నిచ్చెన తేలికే కాని అది కరెంటును పారనిచ్చును. విద్యుత్ మంటల మీద నీరు పోయరాదు కనుక కార్బన్ డై ఆక్సైడ్ లేక పొడి రసాయనం గల మంటలార్పు సాధనం డ్రైవరు చేతికి అందునట్లు బిగించవలెను. వార్నిష్, థిన్నర్ డబ్బాలను మూత బిగించి, నిప్పురవ్వలు రాగల యంత్రాలకు దూరంగా ఉంచవలెను. సి.ఎన్.జి. బండి అయినచో సిలిండరును మూడేండ్లకొకసారి పరీక్ష చేయించవలెను.

పని ముగించి వచ్చు ముందు 500 వోల్టుల మెగ్గరుతో పరీక్షించండి. తీగకు, భూమికి నడుమ కనీసం ఒక మెగోమ్ నిరోధం చూపవలెను. ఆ అంకెను బిల్లు మీద వ్రాసి ఇచ్చు పనివానికి మాట పడవలసిన అవసరం రాదు. నేతపనివారు తడి కాళ్ళతో తిరుగు చోట్ల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేయించుకొనమని యజమానికి చెప్పుట మీ విధి.

వర్షాకాలపు మాట కూడ చెప్పవలెను. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి విడిచిన నీటితో తాపీ పొంగి సూరత్ నగరంలో అధికభాగం మునిగినది. భారీ వర్షాలకు ఖాడీలు పొంగి లింబాయత్ వైపు నీరు చేరుట నేటికిని ఉన్నదే. వర్షాకాలంలో రాత్రివేళ బండిని మెరకన నిలుపవలెను. నీట మునిగిన ఎం.సి.బి., రిలే, ఆర్.సి.సి.బి.లను ఎండబెట్టి తిరిగి బిగించరాదు. పైకి బాగుగా కనబడినను లోపలి యంత్రాంగం అవసర సమయంలో పని చేయకపోవచ్చును.

6. సరుకు పుస్తకం – బ్యాంకు

బండికి తీసుకొను రుణం వేరు, సరుకుకు తీసుకొను రుణం వేరు. మొదటిది కాల పరిమితి రుణం, రెండవది నిర్వహణ పెట్టుబడి. సరుకుకిచ్చిన పరిమితి నుండి బండి టైర్లు కొనుట, బండి వాయిదాకు సరుకు డబ్బు కట్టుట రెండును చిక్కు తెచ్చును.

2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద 50,000 రూపాయల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అను తరగతులలో ఆస్తి జామీను లేకుండ రుణం లభించును. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చు తరుణ్ ప్లస్ తరగతి 2024లో చేర్చబడినది. జామీను లేకున్నను రుణంతో కొన్న బండి, సరుకు బ్యాంకుకు హైపాథికేషన్‌లో ఉండునని మరువరాదు.

సరుకు మీది రుణంలో మీరు వాడుకొనదగిన మొత్తం సరుకు విలువను బట్టి ఉండును. ఉదాహరణకు మార్జిన్ 25 శాతం, సరుకు 60,000 రూపాయలు అయినచో 45,000 రూపాయలు. అందులో 20,000 రూపాయల సరుకు డీలరు వద్ద అరువు తెచ్చినదైనచో, మిగిలిన 40,000 మీదనే లెక్క వేయగా 30,000 రూపాయలు మాత్రమే. కనుక అరువు సరుకుతో బండి నింపి బ్యాంకుకు చూపుట వలన ప్రయోజనం లేదు. ప్రతి వారాంతపు లెక్కను ఒకే పుస్తకంలో వ్రాసినచో నెలసరి సరుకు నివేదిక దానినుండే తయారగును.

బండి భీమా బండికే వర్తించును, లోపలి సరుకుకు కాదు. దొంగతనం, అగ్ని, వరద నష్టాలకు సరుకు భీమా వేరుగా చేయించవలెను. వాయిదా 90 దినాలకు మించి బాకీ పడినచో ఖాతా నిరర్థక ఆస్తిగా వర్గీకరింపబడును. ఇబ్బంది వచ్చినచో 90 దినాలు గడిచిన తరువాత కాదు, మొదటి వాయిదా తప్పు ముందే శాఖకు రండి.

షెడ్డు యజమానులు బిల్లు నిలిపివేయుట పనివారికి పెద్ద బాధ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ సంస్థకు కొనుగోలుదారు వ్రాతపూర్వక ఒప్పందం లేనిచో 15 దినాలలో, ఉన్నను 45 దినాలకు మించకుండ చెల్లించవలెను. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తించును. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. కాని బిల్లు లేనివానికి ఏ చట్టము సహాయపడదు. ప్రతి పనికి బిల్లు వ్రాయండి.

7. డీలరు సోదరులకు

పనివాని బండి మీ దుకాణపు మరొక అర వంటిది. అందులో కదలని సరుకు నింపినచో ఆ నెల మీ అమ్మకం పెరుగును, తరువాత మీ బాకీయే నిలిచిపోవును. విప్పని సరుకును నిర్ణీత గడువులో తిరిగి తీసుకొను ఏర్పాటు చేయండి. పథకాలను మొదటి, రెండవ వర్గాల సరుకు మీద ఇవ్వండి. ఐ.ఎస్.ఐ. గుర్తు గల తీగలు, స్విచ్చులు మాత్రమే అమ్మి, కొలత, ధర వ్రాసిన బిల్లు ఇవ్వండి. రెండు రూపాయలు తక్కువని తెచ్చిన నకిలీ తీగ షెడ్డులో కాలినచో ప్రశ్న మొదట పనివానికి, తరువాత మీకు వచ్చును.

8. మీరే పరీక్షించుకొనండి

(1) మీ బండి మోయగల బరువు ఎంతో పత్రం చూడకుండ చెప్పగలరా?
(2) గత నెలలో ఏ వస్తువు లేక పని ఎన్నిసార్లు ఆగినది?
(3) మూడు నెలలుగా కదలని సరుకు విలువ ఎంత? అది ఎన్ని వాయిదాలకు సమానం?
(4) చీకటిలో టార్చి లేకుండ టేపు, టెస్టరు తీయగలరా?
(5) మంటలార్పు సాధనం గడువు ఎప్పటివరకు ఉన్నది?
(6) బండిలోని సరుకులో అరువు ఎంత, సొంతం ఎంత?

ఉన్‌లోని మన రుణగ్రహీతను మూడు నెలల తరువాత మరల చూచితిని. కదలని 25,000 రూపాయల సరుకులో 14,000 రూపాయలది డీలరుకు తిరిగి ఇచ్చియు, కొంత నష్టానికి అమ్మియు డబ్బుగా మార్చుకొన్నాడు. మిగిలినది ఇంకను ఇంటి అటక మీదనే ఉన్నది. తలుపు ప్రక్కన రెండవ అరలో కాంటాక్టర్ కాయిళ్ళు రెండు రకాలు, అంకెలు వ్రాసిన డబ్బాలలో ఉన్నవి. క్రింద ఒక మార్పిడి మోటారు ఉన్నది. వాయిదాలు గడువుకే పడుచున్నవి. ఏమైనా తేడా కనబడినదా అని అడుగగా, “సార్, ఇప్పుడు ఉధనాకు వారానికి ఒక్కసారే పోతున్న” అన్నాడు. మనము ఆశించినది అంతే.